బల్లకు కలిపిన రెండించులు

నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. పోయిన ఏడాది మా అమ్మాయికి ఇంటి నుంచి చేసే ఉద్యోగం వచ్చింది. మా ఒక్క గదిలో బీరువాకూ గోడకూ మధ్యనున్న మూల తప్ప ఖాళీ లేదు. అందులో సరిగ్గా ఇమిడేలా కంప్యూటర్ బల్ల బొమ్మ నేనే గీశాను. వడ్రంగి సదానందం అన్న టేపు తీయబోతే, "కొలతలు నాకు నేర్పుతవా అన్నా?" అంటూ నా కాగితం చేతిలో పెట్టాను.

అమ్మాయి మర్నాడు పనిలో చేరాలనగా బల్ల తెచ్చాడు. మూలలోకి పోదే! తిప్పాం, ఎత్తాం, నెట్టాం. గోడ సున్నం రాలింది గానీ బల్ల లోపలికి పోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "గింత పని చేతగాదా? నా బిడ్డ రేపు ఏడ కూసోవాలె?" అని వాడకట్టంతా పోగయ్యేలా అరిచాను.

ఆయన టేపు తీసి మూలను కొలిచాడు. ముప్పై ఆరు ఇంచులు. నా కాగితం తీసి చూపించాడు. నా రాతలోనే ముప్పై ఎనిమిది! జాకెట్ బిగుతైతే విప్పుకోవడానికి కుట్లకు వదిలే రెండించులు, అలవాటు చొప్పున బల్లకూ కలిపేశాను.

"కట్టెకు కుట్లుంటయా చెల్లె?" అంటూ రంపం తీశాడు. సాయంత్రానికి బల్ల మూలలో కుదురుకుంది.

కోపమొస్తే మన చేతిరాత కూడా మనకు కనిపించదు. తప్పయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పది రోజులకు ఆయనే వాళ్లావిడ ఆది జాకెట్, కొత్త గుడ్డ పట్టుకొచ్చాడు.

"కొలతలు నువ్వే సూస్కో చెల్లె, నేను మాట్లాడ. కుట్లకు మాత్రం జర ఎక్కువనే వెట్టు."

తల వంచుకునే గుడ్డ అందుకున్నాను.