నూతి తాడు పద్యం

పద్యం చదివి సభను ఊపేసినవాళ్ళు ఉంటారు. నేను పద్యం చదివి మా హెడ్మాస్టరుగారిని కుర్చీ ఎక్కించాను, అదీ బరంపురంలోని సగం మంది తెలుగువాళ్ళ ఎదుట! ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ చెమటలు పడతాయి.

నాన్న గిరిసోల రైల్వేస్టేషన్లో పనిచేసేవారు. నేను తొమ్మిదో తరగతి. మా ఒడియా బడిలో తెలుగుకు రోజూ ఒక్క పీరియడ్, వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది పిల్లలం. ఒకనాడు హెడ్మాస్టరుగారు మా తెలుగు మేస్టారిని పిలిచి తేల్చేశారు.

"బరంపురం పద్యాల పోటీలో ఒక్క బహుమతి తెండి. లేదంటే మీ పీరియడ్ డ్రిల్లుకి ఇచ్చేస్తాను."

మేస్టారు తిన్నగా నా దగ్గరకొచ్చారు. "అమ్మీ, పద్యం తప్పుల్లేకుండా సెప్పేది నువ్వొక్కదానివే. మన పీరియడ్ ఇంక నీ నోట్లోనే ఉంది."

ఆయనకు తెలియనిదేమిటంటే, నా పద్యాలన్నీ నూతి దగ్గర నేర్చినవి. మొదటి పాదంతో తాడు లాగడం మొదలుపెడితే నాలుగో పాదానికి చేద గట్టు మీదుండాలి. కళ్ళు మూసుకుని లాగితే చాలు, ఎంతటి పద్యమైనా నీళ్ళతోపాటు వచ్చేసేది. తాడు లేకపోతే నోరు పెగిలేది కాదు. బడిలో నా జడనే లాక్కుంటూ నెట్టుకొచ్చాను.

పోటీరోజు పొద్దున్నే అమ్మ నా జడలు రెండూ పైకి మడిచి రిబ్బన్లతో బిగించేసింది.

"అమ్మా, ఒద్దే! ఇప్పేయే!"

"ఊరుకో! బరంపురం ఎల్తూ జడలు ఏలాడేసుకుని ఎల్తావేటి?"

రైల్లో ఎంత పీకినా రిబ్బన్ల ముడి ఊడలేదు. మేస్టారు పక్కన కూర్చుని, "భయమేటే? సూడు, నేను లేనా?" అంటున్నారు గానీ, పద్యాల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నారు.

వేదిక మీద అధ్యక్షులెవరనుకున్నారు? మా హెడ్మాస్టరుగారే! ముందువైపు, సరిగ్గా తెర పడేచోట, కుర్చీలో పంచె కుచ్చెళ్ళు నేలకు జారవిడిచి దర్జాగా కూర్చున్నారు. నా పేరు పిలిచారు. వెళ్ళాను. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. చేతులు వాటంతటవే ఉత్తగాలిని లాగుతున్నాయి. జనంలోంచి ఎవరో, "పిల్లకి ఏటైందర్రా, దోమలా?" అన్నారు.

అప్పుడు కనిపించింది, పక్కన మేకుకు కట్టిన తెరతాడు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదలేమంటారు కదా, నేను తెరతాడు పట్టుకుని పద్యం ఈదబోయాను. ముడి విప్పానో లేదో, అడుగున వెదురుబొంగున్న ఆ తెర ధబ్బున కిందపడింది. చేతికి చేద బరువు తగిలింది. ఆహా, పోయిన ప్రాణం లేచొచ్చింది! కళ్ళు మూసుకుని లాగడం మొదలుపెట్టాను.

మొదటి పాదానికి నవ్వులు. రెండో పాదానికి ఈలలు. మూడో పాదానికి హాలంతా గగ్గోలు. అబ్బో, ఎంత బాగా చదివేస్తున్నానో అనుకుని నాలుగో పాదం ఇంకా గట్టిగా లాగాను.

కళ్ళు తెరిచి చూద్దును కదా, బొంగు తెరను చుట్టుకుంటూ లేచే తెర అది. తెరతోపాటు హెడ్మాస్టరుగారి కుచ్చెళ్ళనూ చుట్టేసుకుంది. ఆయన కుర్చీ ఎక్కి, మునివేళ్ళ మీద నిలబడి, రెండు చేతులా నడుం దగ్గర పంచె పట్టుకుని కేకలేస్తున్నారు.

"ఏ ఝియొ! ఓ అమ్మాయీ! దించు! మెల్లగా దించు!"

మెల్లగా దించడం మా నూతి దగ్గర ఎవరు నేర్పారు? పద్యం అయిపోతే తాడు వదిలేయడమే. వదిలేశాను.

తెర, బొంగు, కుర్చీ, హెడ్మాస్టరుగారు, అన్నీ ఒక్కసారే దిగాయి.

"ఓలమ్మో, మన పీరియడ్ పోయిందే!" అని మేస్టారు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. బహుమతి మరెవరికో వెళ్ళింది. తిరుగు రైల్లో నేను ఏడుస్తూనే ఉన్నాను.

మర్నాడు హెడ్మాస్టరుగారు కుంటుకుంటూ మా తరగతికొచ్చారు. నేను ముందు పిల్ల వెనక నక్కాను.

"నన్ను కుర్చీ ఎక్కించావు, కింద పడేశావు. కానీ పద్యంలో ఒక్క అక్షరం తప్పలేదు. తెలుగు పీరియడ్ ఉంటుంది."

మేస్టారు కళ్ళొత్తుకున్నారు. హెడ్మాస్టరుగారు గుమ్మం దగ్గర ఆగారు.

"అయితే ఇక్కడ కాదు, బడి నూతి దగ్గర. ఈ పిల్ల పద్యానికి తాడు కావాలి, మన తోటకి నీళ్ళు కావాలి. పద్యానికొక చేద."

ఆ ఏడాది మా బడి తోటలో బెండకాయలు విరగకాశాయి. చేతులు బొబ్బలెక్కిన నా తోటి పిల్లలు నన్ను తిట్టని తిట్టు లేదు. అందుకే మా నూతి గిలక సాక్షిగా ఒట్టేస్తున్నాను: రెండో కొసన ఎవరి పంచె ఉందో చూసుకోకుండా ఈ జన్మలో మళ్ళీ తాడు లాగను.