వార్తలకు చదివింపులు

ఆ రోజుల్లో రేడియో వినాలన్నా ప్రభుత్వం అనుమతి కావాలంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. (మా మనవరాలు "గాలికి లైసెన్సేంది తాతా?" అని అడిగింది. గాలికి కాదమ్మా, వినే చెవికి అన్నాను.) ఏడాదికోసారి పోస్టాఫీసుకు పోయి చిన్న పుస్తకంలో స్టాంపు అంటించుకుని రావాలి. ఇంట్లో వినే సెట్టుకు ఒక రేటు, అంగట్లోనో హోటల్లోనో పదిమందికి వినిపించే సెట్టుకు అంతకన్నా పెద్ద రేటు. ఈ రెండింటికీ నడుమ ఇంకో రకం రేడియో ఉండొచ్చని రూలు రాసినవాళ్ళకు తోచినట్టు లేదు. సరిగ్గా ఆ నడుమకే పోయి నేను ఇరుక్కున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. పరిగి దగ్గర మా ఊరి పంచాయతీలో తాత్కాలిక గుమాస్తాను. తాత్కాలికం అనే మాట నాకూ ప్రెసిడెంటుకూ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియకుండా జాగ్రత్తపడేవాణ్ణి. ఆఫీసులో ప్రభుత్వం వారిచ్చిన రేడియో ఒకటి ఉండేది. సాయంత్రం పూట రైతుల కార్యక్రమం, వార్తలు ఊరికి వినిపించడం దాని పని. సెట్టయితే ఇచ్చారు గానీ, దాన్ని ఎవరి డబ్బుతో నడపాలో చెప్పలేదు. లైసెన్సు ఖర్చు వీధిదీపాల పద్దులో రాయాలా, పారిశుధ్యంలో రాయాలా అని అడిగితే ప్రెసిడెంటు, "బావిలో పూడిక తీసేకే దుడ్లు లేవు, దీనికి యాడ తెచ్చేదప్పా?" అన్నాడు. దాంతో అది రెండేళ్ళుగా గుడ్డ కప్పుకుని కూర్చుంది.

ఆఫీసుకు ఎదురుగానే మా మేనమామ సైకిల్ షాపు. ఊరంతా ఆయన్ని మైకు మామ అనేవారు. ఆంప్లిఫయరూ రెండు హారన్లూ పెట్టుకుని, హిందూపురం నుంచి పెనుకొండ దాకా హిందువుల పెళ్ళిళ్ళకూ, మా సాయిబుల నిఖాలకూ మైకు సెట్టు కట్టేవాడు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో బజారుకు వైరు లాగి పాటలు వేసేవాడు. పాటకూ పాటకూ నడుమ ధర్మవరం చీరల అంగడి గురించీ, టైలరు గురించీ, తప్పిపోయిన గొర్రె గురించీ చెప్పేవాడు. నా ప్రజారేడియో మూగదై ఉంటే ఆయన వ్యాపార రేడియో మోగుతోందని నాకు కడుపుమంట. చివరికి ఆయన్నే పట్టుకున్నాను. ఆయన ఆంప్లిఫయరు మా సెట్టుకు తగిలిద్దామనీ, ఊరంతా చందాలు వేసుకుని నడుపుకుందామనీ చెప్పి ఒప్పించి, ఒక కాగితం రాసి గోడకు అంటించాను: "ఈ రేడియో ప్రజలది. ఇందులో వ్యాపార ప్రకటనలు నిషిద్ధం. ఇట్లు, నిర్వాహకుడు." కింద ఇంగ్లీషులో గీసిన నా సంతకం విషయం కన్నా పెద్దదిగా ఉండేది.

పది రోజులు తిరిగినా చందా రాలేదు. మామ నవ్వి, "రేయ్, పేరు చదువుతామంటే ఇస్తారు గానీ, ఊరికే ఎవురిస్తారురా?" అన్నాడు. పెళ్ళిలో ఎవరెంత చదివించారో మైకులో గొంతెత్తి చెప్పడం ఆయన వృత్తిలో సగం. మర్నాటి నుంచి వార్తలకు ముందు అదే గొంతుతో మొదలుపెట్టాడు. "కొత్తపల్లి గొర్రెల తాత గారు వార్తలకు రెండు రూపాయలు చదివించినారు. వారికి కృతజ్ఞతలు." ఇంక చందాలు ఆగలేదు. వచ్చిన డబ్బు వైర్లకూ రిపేర్లకూ పోయేది, లైసెన్సు మాత్రం ఏ రేటుదో తేలక వాయిదా పడుతూనే ఉంది. గొర్రెల తాతకన్నా తక్కువ ఇస్తే పరువు పోతుందని టైలరు మూడు ఇచ్చాడు, పేరుతోపాటు "జాకెట్లు ఒక్క రోజులో కుట్టబడును" అని కూడా చదవాలన్నాడు. ఇంటిపేరు లాంటిదేలే అని నేనే సమాధానపడ్డాను. నెల తిరిగేసరికి చదివింపుల జాబితా ఎంత పెరిగిందంటే, అది పూర్తయ్యేలోపు అవతల వార్తలు అయిపోయేవి. మా ఊరికి దక్కింది "ముఖ్యాంశాలు మరోసారి" మాత్రమే.

ఆ సమయంలోనే ఒక సాయంత్రం హిందూపురం బస్సులో లైసెన్సుల ఇన్‌స్పెక్టరు దిగాడు. నెమ్మదైన మనిషి. జాబితా మొత్తం నిలబడి విన్నాడు. లోపలికొచ్చి గోడమీద కాగితం చదివి, "ఇది ప్రజల రేడియోనా, వ్యాపార రేడియోనా?" అని అడిగాడు. మళ్ళీ ఆయనే అన్నాడు: "ఏదైనా సరే, లైసెన్సు లేదు. ఆంప్లిఫయరు తీసుకుపోతాను. ఈ నిర్వాహకుడు ఎవరు?"

ఆంప్లిఫయరు పోతే మామకు బతుకు లేదు. ఆ వారంలోనే మూడు పెళ్ళిళ్ళకు బయానా తీసుకున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. నిర్వాహకుణ్ణి నేనే అని చెబితే నా తాత్కాలికం ఆ సాయంత్రంతో ముగుస్తుందనీ తెలుసు. నేను కాగితం వైపు, ఎవరో రాసినట్టుగా, కుతూహలంగా చూశాను.

"నేనే సార్. మా వానికేం తెలీదు," అన్నాడు మామ.

ఇన్‌స్పెక్టరు ఆయన నూనె చేతులనీ, ఇంగ్లీషు సంతకాన్నీ మార్చి మార్చి చూశాడు. ఏమనుకున్నాడో, జరిమానాతో కలిపి లైసెన్సు కట్టేస్తే వదిలేస్తానన్నాడు. గుమ్మంలో గుంపు అప్పటికప్పుడు తువ్వాల్లో డబ్బు పోగేసి ఆయన చేతిలో పెట్టింది. మామ చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. కళ్ళముందు డబ్బు చేతులు మారడం చూస్తే ఆ గొంతు ఆగదు. "ఇన్‌స్పెక్టరు సారుకు ఊరివారు నలభై రూపాయలు చదివించినారు. అందరూ భోంచేసి పోవలసిందిగా కోరుతున్నాం."

ఊరంతా వింది. ఇన్‌స్పెక్టరు ముఖం పాలిపోయింది. ఆదరాబాదరాగా రశీదు రాసి, "దీని నంబరు కూడా చదవండి, దయచేసి," అన్నాడు. మామ చదివాడు. రశీదులో ఏ రకం రేడియో అనే గడి దగ్గర ఆయన కలం చాలాసేపు ఆగి, చివరికి ఏమీ రాయకుండానే ముందుకు పోయింది.

ఆయన బస్సెక్కాక మామ వైర్లు చుట్టుకుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు: "సంతకం పెట్టేటప్పుడు ఉండే ధైర్యం, ఎవురని అడిగినప్పుడు గూడా ఉండల్లరా." అంతే. అమ్మకు చెప్పలేదు, మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు నిర్వాహకుణ్ణి నేనేనని చెప్పి ఉండాల్సిందని ఆయన బతికుండగా ఒక్కసారీ ఆయనతో అనలేకపోయాను.

ఉద్యోగం ఖాయమైంది. ముప్పై ఆరేళ్ళు సంతకాలు పెట్టి, ఆఫీసరుగా రిటైరయ్యాను. పదవీ విరమణ సభలో ఒకాయన మైకు పట్టుకుని, నేను బాధ్యతలకు ఎన్నడూ వెనుదీయని మనిషినని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వుతూ తలవంచాను. వినయమనుకున్నారు పాపం.