పేరు దాచుకున్న బావ

మా బావ వారమంతా కంపెనీకి ప్రోగ్రాములు రాసేవాడు, ఆదివారం లోకానికి రాసేవాడు. నీళ్ల మోటార్లు బాగుచేసుకునే నాకు కూడా అర్థమయ్యేలా తన పనేమిటో ఒకసారి చెప్పాడు. ఒకే గదినో, ఒకే మనిషినో ఒకే సమయానికి ఇద్దరికి ఒప్పచెప్పకుండా చూసే చిన్న ప్రోగ్రాం అది. ఎవరైనా ఊరికే తీసుకుని తమ పనిలో కలుపుకోవచ్చు. ఆస్పత్రులు, బడులు, ఆఫీసులు అలాగే కలుపుకున్నాయి. బాగా పనిచేసినన్నాళ్లు రాసినవాడు ఎవడని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఎక్కడైనా తేడా వస్తే మాత్రం, తిడుతూ రాయడానికి ఆయన మెయిలు అందరికీ దొరికేది.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. మా బావకు బయట పల్లకీ కూడా లేదు.

మా అక్కకు ఆ ప్రోగ్రాం సవతిలా తయారైంది. ఆదివారం భోజనాల బల్ల మీద సగం జాగా లాప్‌టాప్‌దే. "ఐదు నిమిషాలు" అనేవాడు, ఆ ఐదు నిమిషాల్లో అన్నం చల్లారేది, కూతురు తిని లేచిపోయేది. ఒకరోజు నేనక్కడ ఉండగానే అక్క అనేసింది.

"లోకంలో ఎవరి పనులూ ఒకదానికొకటి అడ్డురాకుండా చూస్తున్నారు కదా. మన ఇంటికి మాత్రం ప్రతి వారం మీ పనే అడ్డం. దానికేమీ రాయరా?"

బావ నోట్లో నాలుక లేని మనిషి. లాప్‌టాప్ పక్కకు జరిపి, "ఈ ఏడు కాన్ఫరెన్సులో దీని గురించి మాట్లాడతాను. నువ్వు, అమ్మాయి ముందు వరసలో కూర్చోండి. ఇన్నేళ్లూ ఏం చేశానో మీకే తెలుస్తుంది" అన్నాడు.

"మాట్లాడమని వాళ్లు మిమ్మల్ని పిలిస్తే వస్తాం. పిలవకపోతే ఇది ఆపేస్తారా?"

"ఆపేస్తా."

తను రాసినదాని గురించి మాట్లాడమని తనను కాక ఇంకెవర్ని పిలుస్తారన్న ధైర్యం ఆయనది. నాకూ అలాగే అనిపించింది.

ఏటా ప్రోగ్రాములు రాసేవాళ్లంతా ఒక పెద్ద హాల్లో చేరి, తాము చేసినవి చెప్పుకునే సభ అది. మాట్లాడాలనుకునేవాళ్లు ముందుగా ఒక పేజీ రాసి పంపాలి. అందులో పేరు ఉండకూడదు, రాసిందెవరో పోల్చుకునే ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ నియమం పెట్టించిందే మా బావ. పెద్ద కంపెనీల పేర్లు చూసి స్టేజీ ఎక్కిస్తున్నారని, నిర్వాహకుల వెంటపడి, పోట్లాడి మరీ పెట్టించాడు. మా అక్క దగ్గర పెగలని నోరు అక్కడ ఎలా పెగిలిందో నాకు తెలియదు.

పంపే ముందు ఆ పేజీ నాకు చూపించాడు. "నేను రాశాను" అన్న మాట ఎక్కడా లేదు. ఎందుకు మొదలుపెట్టాడో లేదు, ఎక్కడ దెబ్బతిన్నాడో లేదు. అవి రాస్తే తనెవరో తెలిసిపోతుందట.

"బావా, ఇది ఎవరో పక్కింటాయన రాసినట్టుంది."

"అలాగే ఉండాలిరా."

జవాబు వచ్చింది. చదివి ఫోను నా చేతికిచ్చాడు. 'వక్తకు ఈ ప్రోగ్రాం మీద అభిమానం ఉంది గాని, బయటి నుంచి చూసినట్టుంది. లోపలి సంగతులు తెలిసినవారికి అవకాశమిస్తున్నాం.' నాకు ఒళ్లు మండింది.

"ఒక్క ముక్క రాయి బావా. దీన్ని కన్నవాణ్ణి నేనేనని రాయి. వాళ్లే కాళ్లావేళ్లా పడతారు."

"అలా రాసినవాళ్ల మీదే కదా నేను పోట్లాడింది" అన్నాడు.

తను తీసిన గోతిలో తనే పడ్డాడు. పడ్డవాడు చెయ్యి చాపితే లాగేవాళ్లం, అదీ చాపడు. ఇలాంటి నిజాయితీ చూస్తే నాకు గౌరవం కంటే చిరాకే ఎక్కువ.

అక్క సభకు రానంది. బావతో నేను వెళ్లాను. గుమ్మం దగ్గర అంటించిన కార్యక్రమాల పట్టిక కూడా బావ ప్రోగ్రాంతోనే వేశారట. ఆ సంగతి ఆయనే మురిసిపోతూ చెప్పాడు. ఆ ప్రోగ్రాం గురించి చెప్పడానికి స్టేజీ మీద ఎవరో పెద్ద కంపెనీ కుర్రాడు. అతను పంపిన పేజీలో పేరు లేదట గాని, 'కోట్లమంది వాడే మా కంపెనీ సైటులో' అని మొదలైందట. నియమం అందరికీ ఉంటుంది, పాటించే ఖర్మ ఏ ఒక్కడికో పడుతుంది.

కుర్రాడు బాగానే మాట్లాడాడు. చివర్లో, "దీన్ని ఎవరో ఒక్కరే ఇంట్లో కూర్చుని నడుపుతున్నట్టున్నారు. ఈ మధ్య సరిగ్గా పట్టించుకోవడం లేదు. మాలాంటివాళ్ల చేతికొస్తే బాగుపడుతుంది" అన్నాడు. హాలంతా తలలూపింది.

బావ చెయ్యెత్తాడు. మైకు ఇచ్చారు. ఇప్పుడు చూడండి అనుకుని నేను సర్దుకుని కూర్చున్నాను.

"మీ పరిచయం చెప్పండి సార్" అన్నాడు కుర్రాడు.

బావ గొంతు సవరించుకున్నాడు. "నేను... దీన్ని వాడుతుంటానండి" అన్నాడు. ఏదో చిన్న సందేహం అడిగాడు. జవాబు విని, థాంక్స్ చెప్పి కూర్చున్నాడు.

బయటికొచ్చాక నేను నానా మాటలూ అన్నాను. అన్నీ విని, "నేనే రాశానని అక్కడ లేచి చెప్తే, చోటు దొరకని ఏడుపు అనుకుంటారురా" అన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

ఆ వారమే ప్రోగ్రాం పెత్తనమంతా ఆ కుర్రాడికి రాసిచ్చేశాడు. మీ అక్కకు మాటిచ్చానుగా అన్నాడు.

తర్వాతి ఆదివారం నేను వెళ్లేసరికి బల్ల ఖాళీగా ఉంది. బావ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. అక్క మాటిమాటికీ వంటగదిలోంచి తొంగి చూస్తోంది. కూతురు భుజాన సంచీ తగిలించుకుని గదిలోంచి వచ్చింది.

"ఎక్కడికమ్మా? ఈ రోజు నేను ఖాళీయే. ముగ్గురం ఎక్కడికైనా వెళ్దాం."

పిల్ల చెప్పులు వేసుకుంటూ ఆగింది. "ఫ్రెండ్స్ ఎదురుచూస్తుంటారు నాన్నా. ఆదివారం నీకెలాగూ ఖాళీ ఉండదని, నేను అన్నీ ఆదివారమే పెట్టుకుంటాను" అంది.

ఆ గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బావ ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవాడు.