అత్తమ్మను నడిపించిందెవరు

నమ్మినా నమ్మకపోయినా మీ ఇష్టం. నా రెండు కళ్ల మీద ఒట్టేసి చెప్తన్నా... ఇందులో ఒక్క ముక్క కూడా నేను కలిపింది లేదు.

మాది ముప్పాళ్ళ పక్కన పల్లె. పోయినేడు మిరపకాయలు ఎండబోసినప్పుడు, కాయల కింద పరిచిన పట్టా కాలికి తట్టుకొని మా అత్తమ్మ పడింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. తుంటి విరిగింది. నరసరావుపేటలో ఆపరేషన్ చేసి, లోపల రాడ్డు పెట్టి స్క్రూ బిగించారు. ఎముక చానా గుల్లగా ఉంది, మేం చెప్పేదాకా ఆ కాలు కింద ఆనించొద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. తర్వాత నడవడానికని ఒక వాకర్ కొన్నాం. అది కళ్లబడితే అత్తమ్మ లేవబోయేది. అందుకని రాత్రిళ్లు అత్తమ్మ లోపల గదిలో పడుకుంటే, దాన్ని వసారాలో నా మంచం పక్కనే పెట్టుకునేదాన్ని.

ఇంటికొచ్చిన పదహారో రోజు. మా ఆయన కాయలేసుకొని గుంటూరు మిర్చి యార్డుకి పోయాడు. ఇంట్లో మేమిద్దరమే. ఆ పదిహేను రాత్రులూ నాకు కంటినిండా నిద్ర లేదు. పడుకోగానే కన్నంటింది.

ఎప్పుడో మెలకువొచ్చింది. కరెంటు లేదు. ఫ్యాను తిరగట్లా.

టక్...

మా ఇంట్లో నాపరాయి బండలు. ఏం తగిలినా గట్టిగా వినపడుద్ది.

టక్... ఆ తర్వాత పాదం ఈడ్చిన చప్పుడు... స్స్స్... మళ్లీ టక్.

అత్తమ్మ లేచిందనుకున్నా. చెయ్యి చాపి వాకర్ కోసం తడిమా. లేదు... ఉత్త గాలే తగిలింది. నా మంచం దాటి దాన్ని ఎవరు తీసుకెళ్లారు?

లేవాలనుకున్నా. కానీ మంచం పట్టీ రెండు చేతుల్తో పట్టుకొని అట్టాగే ఉండిపోయా. చప్పుడు వంటింటి దాకా పోయింది. కాసేపు ఆగింది... మళ్లీ వెనక్కొచ్చింది. నెమ్మదిగా... ఒకళ్లని ఇంకొకళ్లు నడిపిస్తన్నట్టు. లోపల అత్తమ్మ మంచం కిర్రుమంది. అంతే.

ఫోను లైటేసుకొని లోపలికి పోయా. అత్తమ్మ పడుకొనే ఉంది. దుప్పటి మెడదాకా కప్పుంది. కళ్లు మాత్రం తెరిచి నన్నే చూస్తంది. కాళ్ల దగ్గర... వాకర్.

"ఇంక చాల్లే అమ్మాయ్... నొప్పెడతంది" అంది.

"నేనిప్పుడే వచ్చా అత్తా" అన్నా.

"ఇందాకట్నుంచీ నడిపిస్తానే ఉన్నావుగా. వద్దంటే వినవే."

కోపంగా అన్లా. అలిసిపోయినట్టు అంది. నా అరచేతులు చూసుకున్నా. రెండూ ఎర్రగా కందున్నాయి. మంచం పట్టీ పట్టుకున్నందుకేమో... అని నాకు నేనే చెప్పుకున్నా.

తెల్లారేసరికి ఆ కాలు పొట్టిగా కనపడింది. మా ఆయన గుంటూరు నుంచి నేరుగా ఆసుపత్రికొచ్చాడు. ఎక్స్‌రేలో స్క్రూ ఎముకను చీల్చుకొని పైకి పొడుచుకొచ్చింది. మొదట బిగించినప్పుడే అది కాస్త పైకి పడిందని, ఈ ఎముకకి నడవకపోయినా ఇట్టా అవ్వొచ్చని డాక్టరు చెప్పాడు. చెప్పి, "నడిచిందా?" అనడిగాడు.

మా ఆయన నా వైపు చూశాడు. అప్పటికే అత్తమ్మ కొడుక్కి అంతా చెప్పింది. నడవటం నేను చూళ్లేదన్నా. అది నిజమే.

గుండె తట్టుకోదని రెండో ఆపరేషన్ చెయ్యలా. నాలుగు నెలలు మంచంలోనే ఉండి కన్నుమూసింది. ఆ నాలుగు నెలలూ నా చేతి అన్నమే తింది. పొద్దుగూకితే మాత్రం నా చెయ్యి పట్టుకొని మెల్లగా అనేది, "ఏమే... ఈ రాత్రికి రాబాకే."

మందుల మత్తులో అత్తమ్మ కల కనిందా? మరి వాకర్ లోపలికెట్టా పోయింది? నిద్రలో నేనే లేచానా? అట్టయితే మంచంలో పడుకొని ఆ చప్పుడు విన్నదెవరు? ఎంత ఆలోచించినా నాకు తెగట్లా.

మా ఆయన ఇప్పుడు వేరే గదిలో పడుకుంటన్నాడు. గురక పెడతన్నాను, నీకు నిద్ర చెడుద్ది అంటాడు. రోజూ లైటు తీసేశాక, ఆయన లోపల తలుపు గడియ పెట్టుకోవటం నాకు వినపడతానే ఉంటది.