తోస్తేగానీ కదలని కారు

మా బావగారిలో లోకం వేలెత్తి చూపదగిన వింత ఒక్కటే: తన కారును ప్రతి ఉదయమూ నలుగురిచేత తోయించుకోనిదే ఆయన ఆఫీసుకు బయలుదేరరు.

ఆ కారు కొన్ననాడే పాతది. కొన్న ధర వింటే సైకిలు కొనుక్కున్నవారు సైతం జాలిపడేవారు. దాని అసలు రంగేమిటన్న విషయంలో మా అక్కయ్యకూ బావగారికీ నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఎడమ తలుపు లోపలినుంచి తెరుచుకోదు. దించిన అద్దం మళ్ళీ పైకి ఎక్కదు. అయినా ఎండలోగానీ వానలోగానీ అది దారిమధ్యలో నిలిచిపోయిందన్న మాట నేనెన్నడూ వినలేదు. రోజంతా ఆగని కారు పొద్దున్నే ఎందుకు కదలదో నా బుద్ధికి అందలేదు.

"ఈపూట దానికి మనసు లేదండీ," అని బావగారు స్టీరింగు ముందు కూర్చునే దీనంగా ప్రకటించేవారు. ఎదురింటి దర్జీ మెడలోని టేపు జేబులో కుక్కుకుంటూ వచ్చేవాడు. పక్కవీధిలో కాపురమున్న పాపానికి నేనూ వచ్చేవాణ్ణి. మా అందరికన్నా ముందు పక్కింటి డ్రిల్లు మాస్టారు చొక్కా చేతులు పైకి మడిచి, మెడలో ఈలతో గేటు దగ్గర సిద్ధంగా ఉండేవారు. ఉద్యోగం విరమించిన కొద్దికాలానికే భార్య పోగా, తలుపులు బిగించుకుని కూర్చున్న మనిషి ఆయన. పలకరించబోయినవారిని గుమ్మంలోంచే సాగనంపేవారు. కారు తోయడానికి మాత్రం మానకుండా వచ్చేవారు.

"దర్జీ, నడుము వంచవయ్యా. నువ్వు గుండీ కుట్టడం లేదు."

"వంచానండీ మాస్టారూ."

"అది వంచడం కాదు, కునికిపాటు. బావమరిదిగారూ, మీరు తోస్తున్నారా, ఆనుకున్నారా?"

"ఆనుకుని తోస్తున్నానండీ."

ఈల మోగేది. కారు కదిలేది. వీధి మలుపు తిరగగానే ఇంజను గురగురలాడేది. మాస్టారు అంతటితో మమ్మల్ని వదలక, మలుపునుంచి ఇళ్ళదాకా అడుగులు కలిపించి నడిపించుకుని వచ్చేవారు.

"మరి సాయంత్రం ఆఫీసు దగ్గర ఎవరు తోస్తారు బావగారూ?" అని ఒకనాడు అడిగాను.

"అక్కడ ఏటవాలు ఉందోయ్. వదిలేస్తే అదే జారుతుంది."

పనిమీద అటు వెళ్ళినప్పుడు చూద్దును గదా, ఆ ఆవరణ పళ్ళెంలా చదునుగా ఉంది. ఆ మాటే ఆయనతో అన్నాను.

"కంటికి తెలియదు. కారుకు తెలుస్తుంది," అన్నారు.

ఇంటికి వచ్చి, నిండు నీళ్ళగ్లాసు నేలమీద పెట్టి, ఏటవాలు అనే పదార్థాన్ని గురించి చాలాసేపు ఆలోచించాను. లాభం లేకపోయింది.

ఇలా ఉండగా అక్కయ్యకు ఓపిక నశించింది.

"వీధివీధంతా తోస్తుంటే ఎన్నాళ్ళిలా ఊరేగుతారు? నాకు తలవంపుగా ఉంది. అమ్మేయండి."

"మంచి కారేనే."

"మంచిదైతే నడవమనండి."

బావగారి ముఖం పాలిపోయింది. అంత ధరలేని వస్తువు కోసం ఒక మనిషి అంతగా దిగులుపడటం నేనెక్కడా చూడలేదు.

పాత కార్లు కొనే ఆసామి ఒక ఉదయం మేమందరం గుమిగూడి ఉండగానే వచ్చాడు. లోపల కూర్చుని తాళంచెవి తిప్పాడు. తిప్పీ తిప్పకముందే ఇంజను శుభ్రంగా పలికింది.

"దీనికేం జబ్బండీ? నాకంటే గట్టిగా ఉంది," అన్నాడు.

దర్జీ తన అరచేతులు చూసుకున్నాడు. మాస్టారు బావగారి వంక చూశారు. మడిచిన చొక్కా చేతులు మెల్లగా దించుకుని, గుండీలు పెట్టుకుని, లోపలికి పోయి తలుపు వేసుకున్నారు.

"కొత్తచెయ్యి కదా, జంకినట్టుంది," అన్నారు బావగారు. ఆ గొంతులో పస లేదు.

అక్కయ్య ఆయన్ను వంటింట్లోకి పిలిచింది. నేను పిలవకుండానే వెళ్ళాను.

"ఇప్పుడు చెప్పండి. ఏమిటీ నాటకం?"

"మొదటిరోజు నిజంగానే ఆగిందే. బ్యాటరీ పోయింది. వీళ్ళు తలోవైపూ తోస్తుంటే మాస్టారు చూడలేక కేకలేస్తూ బయటికొచ్చారు. ఆవిడ పోయాక ఆయన గుమ్మం దాటడం అదే మొదలు. నడవమని డాక్టరు మొత్తుకున్నా వినని మనిషి. సాయంత్రమే కొత్త బ్యాటరీ వేయించాను. తెల్లారి చూస్తే చొక్కా చేతులు మడుచుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. బాగైపోయింది, లోపలికి వెళ్ళిపోండి అని ఎలా చెప్పను?" పక్కింటి వైపు చూసి, "ఇంక ఆ తలుపు తెరుచుకోదు," అన్నారు.

అక్కయ్య వీధిలోకి వెళ్ళి, కారు అమ్మేది లేదని చెప్పింది.

"అయితే జబ్బు కారుకు కాదన్నమాట," అని గొణుక్కుంటూ ఆసామి వెళ్ళిపోయాడు.

మర్నాడు బావగారు కారులో కూర్చున్నారు. చెయ్యి తాళంచెవి మీద, చూపు పక్కింటి తలుపు మీద. ఎంతకీ అలికిడి లేదు. ఆయన తాళంచెవి తిప్పబోతుండగా తలుపు కిర్రుమంది. మాస్టారు చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చారు.

"ఏమండీ, ఈపూట మనసు లేదా దానికి?"

"లే... లేదండీ."

"ఎలా ఉంటుంది? నిన్న ఆ కొత్తమనిషి బెదరగొట్టి పోయాడు. ఊఁ, రండి అందరూ."

కారు వెనుక నా పక్కన చేరి, మాస్టారు గొంతు తగ్గించారు.

"మీ బావగారితో అనకండి. ఇది బాగానే ఉందని నాకు రెండోనాడే తెలుసు. కాలు బెణికిందని బొంకే పిల్లల్ని ఉద్యోగమంతా చూశాను. కారును పోల్చుకోలేనా?"

"మరెందుకు తోస్తున్నారండీ?"

"నలుగురూ చుట్టూ చేరితేగానీ పాపం ఆయనకు తోచదు. రాకపోతే చిన్నబుచ్చుకుంటారు. నిన్న నేను ఎదురుగా ఉంటే మరీ సిగ్గుపడతారని లోపలికి వెళ్ళాను."

నేను తల తిప్పి చూశాను. అవతలి పక్క అక్కయ్య కొంగు నడుముకు చుట్టి, కారుకు చేతులానించి నిలబడి ఉంది. ఎవరు ఎవరికోసం ఎవరిని తోస్తున్నారో తేల్చుకోలేక, ఊతం కోసం కారును పట్టుకున్నాను.

"ఆనుకోకండి బావమరిదిగారూ," అన్నారు మాస్టారు. "తోయండి."