జనపనార నూనె

విడవలూరు దాటి సముద్రం వైపు వెళ్తే చివర వచ్చే పల్లెలో ఓబయ్య వలలు బాగుచేస్తాడు. వేట మానేసి చాలా కాలమైంది. చినిగిన వల తెచ్చి ముందు పడేస్తే ఎక్కడ చినిగిందని అడగడు. వల మొత్తం చేతుల మీదుగా జారనిచ్చి, తెగిన కన్ను తగలగానే ఆగుతాడు. అతను ముడి వేసిన చోట వల మళ్లీ తెగదు, తెగితే పక్కన తెగుతుంది. ఊళ్లో అతని గురించి చెప్పుకొనేది ఇంతే.

నైలాను రాకముందు వలలు జనుముతో అల్లేవాళ్లు. రైతుల దగ్గర జనుము కట్టలు తెచ్చి, నీళ్లలో నానేసి, బాది నార తీసి, తొడ మీద పురిపెట్టి దారం చేయడం ఓబయ్య తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. దాన్ని తుమ్మచెక్క కాచిన నీళ్లలో ముంచి ఆరబెడితే ఉప్పునీటికి అంత త్వరగా కుళ్లదు. ఇప్పుడు ఆ పనితో ఎవరికీ అవసరం లేదు. కానీ జనపనార అన్న మాట వినపడితే అది తనకు తెలిసిన సంగతే అని ఓబయ్య అనుకుంటాడు. పొరపాటు అక్కడే జరిగింది.

అతని కుక్క పేరు సరంగు. పడవ నడిపే మనిషిని సరంగు అంటారు. ఈ కుక్క వయసులో ఉన్నప్పుడు ఒడ్డున ఏ పడవ కనపడినా ఎక్కి ముందు భాగాన కూర్చునేది. ఇప్పుడు ముసలిదైంది, వెనక కాళ్ల కీళ్లు బిగిసిపోయాయి. పొద్దున ముందు కాళ్లతో ఒళ్లు ఈడ్చుకుంటుంది, లేవబోయి మూలుగుతుంది, లేచి కొంచెం నడిచి కూలబడుతుంది. పడుకున్నా మూలుగు ఆగదు. అది వినపడినప్పుడల్లా ఓబయ్య చేతిలో వల సూది ఆగిపోతుంది.

"ఎన్నాళ్లయ్యా దానికి ఈ బాధ? ఆస్పత్రిలో సూదేసి పంపించేస్తారంట" అంది భార్య పిచ్చమ్మ.

"పంపించేదానికి అదేమన్నా ఇంటికొచ్చిన చుట్టమా?" అన్నాడు ఓబయ్య. కానీ నొప్పి తగ్గే దారి దొరక్కపోతే ఆ సూదే మిగులుతుందని అతనికీ తెలుసు.

పిచ్చమ్మ తమ్ముడు మాల్యాద్రి ఆటో నడుపుతాడు. ఒకరోజు భోజనానికి వచ్చి ఫోను తీశాడు.

"బావా, ఇది చూడు. మన సరంగుకి పనికొచ్చే మందు."

వీడియోలో, ఏదో దేశంలో ఒక ముసలి కుక్క కుంటుతోంది. దాని నోట్లో చుక్కలు వేశారు. తర్వాత అది మెట్లెక్కుతోంది. వెనక నుంచి యంత్రం చదివినట్టున్న తెలుగు గొంతు, కీళ్ల నొప్పులకు జనపనార నూనె మంచిదని చెబుతోంది. ఓబయ్య ఆ ముక్క మళ్లీ పెట్టించుకొని విన్నాడు.

"నారకి నూనె యాడిదిరా? గింజల్ది అయ్యుంటాది."

"అదేలే. నీకు తెలీని జనుమా బావా."

ఆ చుట్టుపక్కల వరి నాట్లకు ముందు పచ్చిరొట్ట కోసం జనుము చల్లుతారు. తెలిసిన రైతును అడిగి ఓబయ్య గింజలు తెచ్చాడు. దంచి, నువ్వుల నూనెలో సన్నటి సెగ మీద కాచి, బట్టలో వడగట్టాడు. అడుగున మడ్డి కనపడితే మళ్లీ వడగట్టాడు. పని మాత్రం ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. చేపల పులుసు కలిపిన అన్నంలో ఆ నూనె వేసి పెడితే సరంగు తినేసింది.

కొన్నాళ్లకు మూలుగు తగ్గింది. కుక్క మధ్యాహ్నమంతా కదలకుండా పడుకుంటోంది.

"ఇప్పటికి కంటినిండా నిద్రపోతా ఉండాది" అంది పిచ్చమ్మ.

ఓబయ్య నూనె ఇంకొంచెం పెంచాడు. ఆ తర్వాత సరంగు అన్నం ముట్టలేదు. వాంతి చేసుకుంది. రెప్ప ఎత్తి చూస్తే కన్ను పచ్చగా ఉంది. మాల్యాద్రిని పిలిచి, కుక్కను ఆటోలో పడుకోబెట్టుకొని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు ఉష కుక్కను పరీక్ష చేసి, ఏం పెట్టారని అడిగింది. ఓబయ్య ఏదీ దాచకుండా చెప్పాడు.

"జనుము గింజల్లో విషం ఉంటుంది పెద్దాయనా. పశువులు తిన్నా లివరు దెబ్బతింటుంది. ఇది నిద్రపోలేదు, నీరసించిపోయింది" అంది ఉష.

"వీడియోలో జనపనార అనే చెప్పినారు గదా డాక్టరమ్మా."

మాల్యాద్రి ఫోను చూపించాడు. ఆమె కాసేపు విని ఆపేసింది.

"వాళ్ల భాషలో ఆ మొక్క పేరు వేరు. తెలుగులో పెట్టేటప్పుడు జనపనార అని వేసేశారు. మీ జనుముకీ దానికీ సంబంధం లేదు. అది గంజాయి జాతి మొక్క."

మాల్యాద్రి గుమ్మం వైపు చూశాడు.

"అమ్మా, నాకు ఆటో తప్ప ఇంకో ఆధారం లేదు. హైవే మీద చెకింగులు. గంజాయి మాట నా ముందర వద్దు."

ఉష నవ్వింది. "బీడీలో చుట్టుకొనేది కాదు. కుక్కల కోసమే తీసిన నూనె ఉంది, మత్తు అంశం చాలా తక్కువ. లైసెన్సున్న కంపెనీది డాక్టరు రాస్తే వస్తుంది. కొన్ని ముసలి కుక్కలకి నొప్పి తగ్గింది, కొన్నిటికి తగ్గలేదు."

"అయితే రాయండమ్మా" అన్నాడు ఓబయ్య.

"ఇప్పుడు కాదు. అదీ లివరు మీదే పడుతుంది, మామూలు నొప్పి బిళ్లలూ అంతే. లివరు కోలుకొనేదాకా నొప్పికి నేనేమీ ఇవ్వలేను."

సెలైను ఎక్కించి, మందులిచ్చి పంపించారు.

ఇంటికి రాగానే ఓబయ్య చేతిలో ఉన్న పనులు పక్కన పెట్టాడు. పాత నూలు చీర చించి పేలికలు పేని, కుక్క పొట్ట కిందికి వచ్చేలా వెడల్పాటి ఉయ్యాల లాంటిది అల్లాడు. నైలాను అయితే తొడ దగ్గర కోసుకుంటుంది. ముడులన్నీ బయటి వైపుకు తిప్పాడు. రెండు పక్కలా పట్టుకొని పైకి ఎత్తితే వెనక కాళ్ల మీద బరువు పడకుండా సరంగు నడవగలదు. పిచ్చమ్మ ఇసుక వేయించి, మూట కట్టి, వేడి చేత్తో చూసుకొని కీళ్లకు కాపడం పెట్టేది. కుక్క మెల్లగా తినడం మొదలుపెట్టింది. మూలుగు మాత్రం మళ్లీ మొదలైంది. తీసుకెళ్లి చూపిస్తే, మూలగడానికి దానికి బలం వచ్చిందని ఉష చెప్పింది.

తర్వాత రక్తపరీక్ష చేసి లివరు కుదుటపడిందని చూశాక ఆమె నూనె రాసిచ్చింది. చిన్న సీసా, చుక్కలు వేసే గొట్టంతో వచ్చింది. ఈ కబురు ఒడ్డుకు ఎట్లా పాకిందో కానీ, వలలు తెచ్చినవాళ్లందరూ అదే మాట.

"ఓబయ్యన్నా, మీ సరంగు మత్తులో ఏమన్నా పాడతా ఉండాదా?"

"నీకంటే నయంగా పాడతాది. వల అక్కడ పెట్టి పో."

కొన్ని వారాలు గడిచాక మాల్యాద్రి అడిగాడు. "నూనె పనిచేసినట్టేనా బావా?"

"ఏమోరా. ఉయ్యాల ఉండాది, కాపడం ఉండాది, నూనె ఉండాది. అన్నీ ఒక్కసారే చేస్తిమి. ఏది పట్టుకుందో ఎట్టా చెప్పేది?"

ఈసారి ఓబయ్య ఊహించి ఊరుకోలేదు. ఆస్పత్రికి వెళ్లి, నూనె ఒక్కటే ఆపి చూడొచ్చా అని అడిగాడు. ఆపమంది ఉష. ఉయ్యాల, కాపడం అట్లాగే సాగాయి. రెండో రోజుకే సరంగు పడుకున్న చోట మూలగడం మొదలుపెట్టింది. ఓబయ్య ఇంకొక రోజు చూశాడు. నాలుగో రోజు పొద్దున దాని పక్కన గొంతుకూర్చొని, దవడ పక్కకు లాగి, ఆమె చెప్పినన్ని చుక్కలు వేశాడు.

తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు, ఎట్లా ఉందని ఉష అడిగింది.

"లేచేటప్పుడు మూలుగుతాది. పడుకున్నప్పుడు మూలగదు" అన్నాడు ఓబయ్య. "అంతవరకు పనిచేస్తా ఉండాది."