గుడ్డు చెయ్యి, లాస్య చెయ్యి

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను కృష్ణగిరి నుంచి బర్గూరులోని ఒక అంగన్‌వాడీకి బదిలీ చేశారు. టీచరుగా నేను, వంటకూ సాయానికీ ఒక ఆయా. మా పైన సూపర్‌వైజరమ్మ. ఆమె ఎప్పుడు ఊడిపడుతుందో ఆమెకే తెలియాలి.

గుడ్డు పెట్టే రోజున ఆ కేంద్రంలో ఒక పద్ధతి ఉండేది. గుడ్డు తినే పిల్లలు ఒక వరుస. తినని పిల్లలకు అరటిపండు; వాళ్లది ఎదురు వరుస. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో పెట్టింది కాదు, వడ్డనకు సుళువని ఎప్పటినుంచో సాగుతోంది. నెల తిరక్కుండానే చూశాను, ఆటల్లో కూడా పిల్లలు అవే రెండు జట్లుగా విడిపోతున్నారు. పండు వరుస పిల్ల ఒకతి, గుడ్డు వరుస పిల్ల తాకిన బొమ్మను పావడాకు తుడిచి మరీ తీసుకుంది. నాకు ఒళ్లు మండింది, పిల్ల మీద కాదు, ఆ వరుసల మీద. మరుసటి గుడ్డు రోజున అందరినీ గుండ్రంగా కూర్చోమన్నాను. ఎవరి పక్కన ఎవరన్నది వాళ్లకే వదిలేశాను.

లాస్య పోయి దుర్గ పక్కన కూర్చుంది. లాస్య బజారులో పప్పుల అంగడి వాళ్ల మనవరాలు. దుర్గ అమ్మానాన్నలు పల్నాడు నుంచి గ్రానైట్ క్వారీ పనికి వచ్చినవాళ్లు. ఇద్దరికీ నాలుగేళ్లు.

మర్నాడే లాస్య నాయనమ్మ సావిత్రమ్మ వచ్చింది. "టీచరమ్మా, మా ఇంట్లో గుడ్డు పేరు కూడా ఎత్తము. మా పాపను ఆ పిల్ల పక్కన కూర్చోబెడితే ఇంక ఈడికి పంపేది లేదు" అంది.

ఆమె ఆచారాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. లాస్య పళ్లెంలో గుడ్డు పడదని మాటిచ్చాను. ఆ ఇద్దరినీ విడదీస్తానని మాత్రం అనలేదు. లాస్యకు ఇంట్లో ఆడుకోవడానికి తోడెవరూ లేరు. దుర్గ కూడా దూరమైతే ఆ పిల్లకు మిగిలేది ఏమీ లేదు. ఒక్క పూట వచ్చి చూడమని, తర్వాత ఆమె ఇష్టమని చెప్పాను.

సావిత్రమ్మ వచ్చింది. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, మూతి బిగించుకుని కూర్చుంది. దుర్గ కుడిచేత్తో గుడ్డు తింటోంది. ఎడమచెయ్యి లాస్య మోకాలి మీద ఉంది, అక్కడినుంచి కదలడం లేదు.

"ఆ చెయ్యేంది పాపా, అట్ల పెట్టినావు?" అని సావిత్రమ్మ అడిగింది.

దుర్గ నోట్లోది మింగి, "ఇది గుడ్డు చెయ్యి. ఇది లాస్య చెయ్యి. దీంతో గుడ్డు ముట్టుకోను" అంది.

ఇది ఆ పిల్లకు నేనూ నేర్పలేదు, ఆయా నేర్పలేదు. సావిత్రమ్మ వంగి ఆ చెయ్యి చూసింది. అంత పట్టింపు మనిషి, అది ఎడమచెయ్యన్న సంగతి కూడా ఎత్తలేదు. లేచి పోతూ, "ఆడనే కూర్చోనీ టీచరమ్మా" అంది.

వేసవిలో క్వారీ పని ఆగింది. దుర్గ వాళ్లు ఏ ఊరు పోయారో చెప్పినవాళ్లు లేరు. ఆ తర్వాతి గుడ్డు రోజున లాస్య పళ్లెం ముందు కూర్చుంది కానీ పండు వలవలేదు. "నువ్వు పెట్టు టీచర్, చెయ్యి" అంది. నా అన్నం డబ్బా తెచ్చుకుని పక్కన కూర్చుని, ఎడమచెయ్యి ఆ పిల్ల మోకాలి మీద పెట్టాను. ఆ పిల్ల బడికి పోయేదాకా నాది అదే చోటు.

శిక్షణలో మాకు అందరూ సమానమని చెప్పే పాటలు, బొమ్మల చార్టులు ఇచ్చారు. అవీ కావలసినవే. అయితే చిన్నపిల్లలు పాట కన్నా ముందు, మనం వాళ్లను కూర్చోబెట్టిన తీరు నేర్చుకుంటారు. తేడాలను దాచిపెట్టనక్కర్లేదు. పక్కపక్కన చోటిస్తే, వాటితో ఎలా మెలగాలో వాళ్లే చూసుకుంటారు.

ఇప్పుడు హోసూరులో ఉంటున్నాను. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే ఆ పిల్లలు కావాలనిపిస్తుంది. కుడిచెయ్యి పని కుడిచెయ్యి చేసుకుపోతుంది. ఎడమచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.